వాడగానే మర్చిపోవాల్సిన మంత్రం

పోయిన సెమ్‌లో మా హాస్టల్ రూమ్‌లో ఒక కరువు ఐదు నిమిషాల్లో తీరిపోయింది. నవ్వకండి, ఆ కరువుని తయారు చేయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది నోటితో ఆడే ఆట. ఒకరు డంజన్ మాస్టర్, అంటే డీఎం. ఊళ్లు, రాజులు, రాక్షసులు, వానా ఎండా అన్నీ ఆ మనిషి చేతిలోవే. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. ఏం చేయాలనుకుంటున్నారో చెప్తారు, జరుగుతుందో లేదో అనుమానం ఉన్న చోట ఇరవై ముఖాల డైస్ వేస్తారు. మా గ్రూపుకి డీఎంని నేను. మూడేళ్లుగా వాన పడని ఒక ఊరు, 300 మంది జనం, ధాన్యం దాచిన ఒక జమీందారు, ఇలా మంచి కథ రాసుకున్నాను. మొదటి రోజే మా రూమ్మేట్ తన డ్రూయిడ్‌తో గుడ్‌బెర్రీ అనే స్పెల్ వాడాడు. పది పళ్లు వస్తాయి, ఒక్క పండు తింటే ఒక మనిషికి ఒక రోజు ఆకలి ఉండదు. ఇక జమీందారు దగ్గరకి పోయే పనేముంది అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం మండింది. రాత్రికి రాత్రి వాట్సాప్ గ్రూపులో ఈ స్పెల్ మన ప్రపంచంలో లేదు అని పెట్టేశా. తర్వాత రెండు వారాలు వాడు ఆటకి రాలేదు. ఒకే రూమ్, మూడడుగుల దూరంలో రెండు మంచాలు, మాటల్లేవు.

ఆటలోకి నన్ను లాగిన సీనియర్ అన్నకి ఫోన్ చేసి ఏడిస్తే, స్పెల్ తీసేయడం కాదురా, అసలు ఈ ఆట రాసినాయన ఇదే గొడవతో ఎంత తన్నుకున్నాడో చదువు ముందు అన్నాడు. అలా నేను గ్యారీ గైగాక్స్ జీవితం చదవడం మొదలెట్టాను. ఆయన పోయింది 2008లో. అప్పటికి నాకు మాటలు కూడా సరిగ్గా రావు.

ఎర్నెస్ట్ గ్యారీ గైగాక్స్ 1938 జులై 27న షికాగోలో పుట్టాడు. తండ్రి స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చినవాడు, షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో ఒకప్పుడు వయొలిన్ వాయించినవాడు. రాత్రిళ్లు కొడుక్కి మాంత్రికుల కథలు చెప్పేవాడట. ఎనిమిదేళ్లప్పుడు గ్యారీ వీధిలో పిల్లల గుంపు కొట్లాటలో ఇరుక్కున్నాడు. ఇక ఇక్కడ లాభం లేదని 1946లో ఇంటిల్లిపాదీ అమ్మ వాళ్ల ఊరికి మకాం మార్చారు. విస్కాన్సిన్‌లో సరస్సు ఒడ్డున లేక్ జెనీవా. చిన్న ఊరు. ఈ కథ దాదాపు అంతా ఆ ఊళ్లోనే జరుగుతుంది. ఆయన చనిపోయింది కూడా అక్కడే.

చదువు సంగతి మనకి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. హైస్కూల్ మధ్యలో మానేశాడు. చదవడం మాత్రం మానలేదు. చవక కాగితం మీద అచ్చయ్యే పల్ప్ పత్రికలు, రాబర్ట్ ఇ. హోవర్డ్ రాసిన కోనన్ కథలు, ఫ్రిట్జ్ లైబర్, జాక్ వాన్స్, ఏది దొరికితే అది. మెరైన్స్‌లో చేరాడు, న్యుమోనియా వల్ల తొందరగానే పంపించేశారు. 1958లో మేరీ జోతో పెళ్లి. వరసగా ఐదుగురు పిల్లలు. షికాగోలో ఇన్సూరెన్స్ కంపెనీలో అండర్‌రైటర్ ఉద్యోగం. అంటే ఈ మనిషికి ఈ ప్రమాదం జరిగే అవకాశం ఎంత, దానికి ఎంత ప్రీమియం కట్టించాలి అని లెక్కేసే పని. ప్రతి ప్రమాదానికీ ఒక టేబుల్, ప్రతి టేబుల్‌కీ ఒక ధర. తర్వాత ఆయన రాసిన రూల్ బుక్కులు తెరిస్తే పేజీ పేజీకీ టేబుల్సే. ఆ ఉద్యోగమే ఆయన చేత అలా రాయించిందని నాకు గట్టి అనుమానం.

ఆయన పిచ్చి మొదట మ్యాజిక్ కాదు, యుద్ధం ఆటలు. బల్ల మీద ఇసుక పోసి, బొమ్మ సైనికుల్ని నిలబెట్టి, పాత యుద్ధాలు మళ్లీ ఆడే మనుషులు అమెరికాలో అక్కడక్కడా ఉండేవాళ్లు. వాళ్లందర్నీ ఒక చోటికి రప్పించాలని 1968లో ఊళ్లో హార్టికల్చరల్ హాల్‌ని 50 డాలర్లకి అద్దెకి తీసుకున్నాడు. వంద మంది దాకా వచ్చారు. అదే జెన్ కాన్. ఇప్పటికీ ఏటా జరుగుతోంది, జనం వేలల్లో వస్తారు.

1970లో ఉద్యోగం పోయింది. ఐదుగురు పిల్లల తండ్రి ఏం చేస్తాడు? ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాడు కదా. ఈయన ఇంటి బేస్‌మెంట్‌లో చెప్పులు కుట్టే మిషన్ పెట్టుకుని బూట్లు బాగుచేస్తూ ఆటలు రాశాడు. ఇది చదివినప్పుడు మా నాన్న మొహం గుర్తొచ్చింది, క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ వదిలేసి గేమ్స్ చేసుకుంటానని నేను చెప్తే ఎలా ఉంటుందా అని. చెప్పను లెండి.

1971లో జెఫ్ పెర్రెన్ అనే ఫ్రెండ్‌తో కలిసి చైన్‌మెయిల్ అనే రూల్ బుక్ తెచ్చాడు. మధ్యయుగం నాటి సైన్యాల ఆట. చివర్లో గైగాక్స్ ఒక ఫాంటసీ భాగం అతికించాడు. డ్రాగన్లు, ఎల్ఫ్‌లు, మాంత్రికులు. అందులో మాంత్రికుడు అంటే మనం అనుకునే గడ్డం తాత కాదు, నడిచే ఫిరంగి. ఫైర్‌బాల్ పడే చోటు పెద్ద కాటపల్ట్ రాయి పడేంత, పిడుగు పెద్ద ఫిరంగి గుండు లెక్క. ఆటలో అప్పటికే ఉన్న ఆయుధాల రూల్స్ తీసుకుని వాటికి మంత్రం రంగు పూశాడంతే. ఇది బాగానే పనిచేసింది. ఎందుకు పనిచేసిందో తెలిస్తేనే తర్వాత ఏం చెడిందో అర్థమవుతుంది. యుద్ధం ఆటలో మ్యాచ్ అయిపోగానే అన్నీ డబ్బాలో పెట్టేస్తారు. వచ్చే వారం కొత్త యుద్ధం. మనభాషలో చెప్పాలంటే ప్రోగ్రామ్ ఎగ్జిట్ అవగానే మెమరీ క్లియర్. మాంత్రికుడు ఎంత బలవంతుడైనా వాడి బలం ఆ మధ్యాహ్నంతో సరి.

ఆ డబ్బాని మూయనివ్వనివాడు డేవ్ ఆర్నెసన్. మిన్నియాపోలిస్ వైపు కుర్రాడు. చైన్‌మెయిల్ లాంటి రూల్స్‌తో మొదలెట్టి బ్లాక్‌మూర్ అనే తన సొంత ఆట తయారుచేశాడు. అందులో ఒక్కో ఆటగాడికి ఒక సైన్యం కాదు, ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి వచ్చే వారం కూడా వాడే, దెబ్బలు తింటాడు, నేర్చుకుంటాడు, బలపడతాడు. 1972 చివర్లో లేక్ జెనీవా వచ్చి గైగాక్స్‌కి ఆడించి చూపించాడు. గైగాక్స్ వెంటనే తన సొంత కోట గీసుకున్నాడు. గ్రేహాక్. మొదటి ఆటగాళ్లు ఇంట్లో పిల్లలే, ఎర్నీ, ఎలీస్. ఎర్నీ పాత్ర పేరు టెన్సర్. ఎర్నెస్ట్ అన్న పేరులో అక్షరాలు కలిపి తిప్పితే వచ్చిందే. కొన్నాళ్లకి ఊళ్లో కుర్రాళ్లంతా ఆ బేస్‌మెంట్‌లోనే.

ఇప్పుడు ప్రాబ్లమ్ చూడండి. పాత్ర చావకుండా వారాల తరబడి బతుకుతుంటే మాంత్రికుడి బలం కూడా వారాల తరబడి పోగవుతుంది. ఫైర్‌బాల్ రోజంతా వేయగలిగితే కత్తి పట్టుకున్నవాడు ఎందుకు? రాజుగారికి సైన్యం ఎందుకు? గోడ దాటి ఎగరగలిగితే కోటకి గోడ ఎందుకు? చచ్చినవాడు లేస్తే పగ, వారసత్వం, ఏడుపు ఏమవుతాయి? ఒక్క మంత్రం రూల్ బుక్‌లో ఒక పేరా, కానీ ఆ పేరా ఆ ప్రపంచంలో ప్రతి రైతు బతుకునీ మారుస్తుంది. నా కరువు ఊళ్లో జరిగిందీ ఇదే.

గైగాక్స్ పట్టుకొచ్చిన మందు జాక్ వాన్స్ పుస్తకంలోది. వాన్స్ 1950లో ద డైయింగ్ ఎర్త్ రాశాడు. సూర్యుడు ఆరిపోబోతున్న కాలం, ఒకప్పటి వేల మంత్రాల్లో వందే మిగిలాయి. మాంత్రికుడు వాటిని బట్టీ పట్టాలి. మహా మాంత్రికుడు మాజిరియన్ కూడా పెద్ద మంత్రాలైతే నాలుగు, చిన్నవైతే ఆరు మించి బుర్రలో పెట్టుకోలేడు. అసలు కిటుకు ఏంటంటే, మంత్రం వాడగానే అది బుర్రలోంచి చెరిగిపోతుంది. మళ్లీ పుస్తకం తీసి చదువుకోవాలి. ఎగ్జామ్ హాల్లోంచి బయటికి రాగానే మనకి జరిగేదే. నవ్వు పక్కన పెడితే, ఇది మామూలు ఐడియా కాదు. మంత్రం ఎంత బలంగా ఉన్నా పర్లేదు, లెక్క మాత్రం ఉండాలి. గైగాక్స్ ఆటలో కొత్త మాంత్రికుడికి రోజుకి ఒక్క మంత్రం. పొద్దున్నే ఎంచుకోవాలి. తప్పు ఎంచుకుంటే ఆ రోజంతా చేతిలో కర్ర, ఒంటి మీద బట్ట, అంతే.

మన పాతాళభైరవి సినిమా గుర్తు తెచ్చుకోండి. ఆ బొమ్మ అడిగింది ఇస్తుంది. ఎన్నిసార్లైనా ఇస్తుంది, ఖర్చు లేదు. అందుకే కథ మొత్తం చివరికి ఒక్కటే ప్రశ్న అవుతుంది, బొమ్మ ఎవరి చేతిలో ఉంది? నేపాళ మాంత్రికుడి చేతిలో ఉంటే రాత్రికి రాత్రి తోట రాముడి మేడ గల్లంతు. సినిమాకి అది బ్రహ్మాండంగా సరిపోయింది, మూడు గంటల్లో అయిపోతుంది కాబట్టి. ప్రతి శనివారం, సంవత్సరాల తరబడి ఆడాల్సిన ఆటలో ఆ బొమ్మ పెడితే రెండో శనివారానికి ఆడటానికి ఏమీ మిగలదు.

ఆటకి పేరు పెట్టింది చిన్న కూతురు సిండీ. నాన్న కొన్ని పేర్లు రాసి చూపిస్తే డంజన్స్ అండ్ డ్రాగన్స్ బాగుందంది. అచ్చేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. 1973లో చిన్నప్పటి స్నేహితుడు డాన్ కేతో కలిసి టీఎస్ఆర్ అని సొంత కంపెనీ పెట్టాడు. డబ్బు చాలక బ్రయన్ బ్లూమ్‌ని మూడో పార్ట్‌నర్‌గా కలుపుకున్నారు. 1974లో 1000 కాపీలు వేశారు. చెక్క రంగు డబ్బాలో మూడు చిన్న పుస్తకాలు, 10 డాలర్లు. ఏడాది తిరక్కుండానే అయిపోయాయి. తర్వాత 1975 జనవరిలో డాన్ కే గుండెపోటుతో పోయాడు. 36 ఏళ్లు. ఆయన వాటా కొనే డబ్బు గైగాక్స్ దగ్గర లేదు. బ్లూమ్ కుటుంబం దగ్గర ఉంది. ఈ వాక్యం గుర్తుంచుకోండి, పదేళ్ల తర్వాత పనికొస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన పుస్తకం 1979లో వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్. అంతకుముందు 1977లో రాక్షసుల పుస్తకం, 1978లో ఆటగాళ్ల పుస్తకం వచ్చాయి, ఇది మూడోది. ఈ పుస్తకాలు చదువుతుంటే ఒక మనిషి తన ప్రపంచం చుట్టూ గట్లు వేసుకుంటూ పోవడం కనిపిస్తుంది. విష్ అనే స్పెల్ ఏది కోరితే అది ఇస్తుంది, కానీ వేసినవాడి వయసు మూడేళ్లు పెరుగుతుంది. చచ్చినవాణ్ణి పూర్తిగా లేపే రిజరెక్షన్‌కి కూడా మూడేళ్లే, లేపే పూజారికి. హేస్ట్ వేస్తే రెండింతల వేగం వస్తుంది, దాన్ని వేయించుకున్నవాడు ఒక ఏడాది ముసలివాడవుతాడు. చనిపోయినవాడు లేస్తాడన్న గ్యారంటీ కూడా లేదు, ఒంటి దారుఢ్యాన్ని బట్టి పర్సెంటేజీ టేబుల్ ఉంది, డైస్ వేయాలి. ఒక మనిషి ఆటలోకి వచ్చేనాటికి కాన్‌స్టిట్యూషన్ స్కోరు ఎంతో, అన్నిసార్లు మించి బతికి రాలేడు. ఎల్ఫ్‌లకైతే రెయిజ్ డెడ్ పనే చేయదు. ఇన్సూరెన్స్ అండర్‌రైటర్ అని ఊరికే అనలేదు నేను.

డబ్బు గురించి కూడా ఆలోచించాడు. డంజన్ నుంచి నలుగురు కుర్రాళ్లు బంగారం బస్తాలతో ఒక పల్లెకి వస్తే ఏమవుతుంది? ధరలు ఆకాశానికి పోతాయి. అలాస్కా బంగారం వేట రోజుల్లో ఒక్కో వస్తువు ఎంత పలికిందో అలా ఊహించుకోమని డీఎంకి చెప్పాడు. ఆ బంగారం వాళ్ల చేతిలో ఎక్కువ రోజులు నిలవకూడదని పన్నులు, లెవెల్ పెరగాలంటే ఒక్కో లెవెల్‌కి 1500 చొప్పున వారం వారం బంగారు నాణేల ట్రైనింగ్ ఫీజు పెట్టాడు. మనకీ ఫీజుల సంగతి కొత్త కాదు కాబట్టి ఇక్కడ ఆగుతా.

ఇంకో సంగతి, ఇది చదివినప్పుడు ఫిజిక్స్ ల్యాబ్ గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఫైర్‌బాల్‌కి వైశాల్యం కాదు, ఘనపరిమాణం. దాదాపు 33,000 ఘనపు అడుగులు. బయట మైదానంలో వేస్తే గుండ్రంగా పేలుతుంది. ఇరుకు సొరంగంలో వేస్తే ఆ మంటంతా ఎటైనా పోవాలి కదా, సొరంగం వెంట పరిగెత్తి వేసినవాణ్ణే కాల్చేస్తుంది. పిడుగు గోడకి తగిలి వెనక్కి తిరుగుతుంది. ఎగిరేవాడికి పైకప్పు అడ్డం. అంటే డంజన్ అనేది ఊరికే భయపెట్టడానికి పెట్టిన చీకటి కొట్టు కాదు, బలమైన మంత్రాన్ని బలహీనం చేసే స్థలం. ఆట పేరులో మొదటి మాట అదే అవడం నాకిప్పుడు వింతగా లేదు.

అన్నీ సరిచేశాడని మాత్రం చెప్పను. భూమి పైన ఆయన ప్రపంచం మామూలు మధ్యయుగపు యూరప్‌లాగే ఉంది. 1980లో గ్రేహాక్ ప్రపంచాన్ని పెద్ద మ్యాపులతో అచ్చేశారు. రాజ్యాలు, వంశాలు, సైన్యాల లెక్కలు అన్నీ ఉన్నాయి. కానీ పూజారులు రోగాలు నయం చేయగలిగే చోట, ఆరని దీపం ఒక్క మంత్రంతో వెలిగే చోట, పల్లెటూళ్లు అలా చీకట్లో ఎందుకున్నాయి? పెద్ద మాంత్రికులు చాలా అరుదు కాబట్టి అనుకోవాలి. నాకది సగం జవాబులా అనిపిస్తుంది. మిగతా సగం డీఎంలకి వదిలేశాడు, నాలాంటి వాళ్లకి.

ఆర్నెసన్ విషయంలో ఆయన చేసింది నాకు నచ్చలేదు. ఆర్నెసన్ 1976లోనే కంపెనీ వదిలాడు. తర్వాత అడ్వాన్స్‌డ్ అని పేరు పెట్టి వేసిన ఈ కొత్త పుస్తకాలు వేరే ఆట అంటూ ఆర్నెసన్‌కి పేరూ ఇవ్వలేదు, రాయల్టీ కూడా ఇవ్వలేదు. 1979లో కేసు పడింది, 1981లో రాజీ అయింది. డబ్బాలో బొమ్మలు పెట్టేయకుండా ఆపినవాడు ఆర్నెసన్ కదా. గ్రూప్ ప్రాజెక్టులో పేరు ఎగిరిపోయినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే వాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

1979లోనే ఇంకోటి. మిచిగాన్ స్టేట్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి కనిపించకుండా పోయాడు. ఈ ఆట ఆడుతూ యూనివర్సిటీ కింద సొరంగాల్లో తప్పిపోయాడని పేపర్లు రాశాయి. అది నిజం కాదని తర్వాత తేలింది, కానీ అప్పటికే ఆట పేరు దేశమంతా తెలిసిపోయింది. తర్వాత దెయ్యాల పూజ అని, పిల్లల్ని చెడగొడుతుందని తల్లిదండ్రుల ఉద్యమాలు. గైగాక్స్ 1985లో టీవీ ముందు కూర్చుని జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. వింత ఏంటంటే అమ్మకాలు ఇంకా పెరిగాయి.

డబ్బొచ్చింది. ఎనభైల మొదట్లో కార్టూన్లు, సినిమాల పని మీద గైగాక్స్ లాస్ ఏంజిలిస్ వెళ్లిపోయాడు. 1983లో కార్టూన్ సీరియల్ వచ్చింది, అదే ఏడు మేరీ జోతో విడాకులూ అయ్యాయి. అక్కడ పెద్ద బంగళా, ఇక్కడ లేక్ జెనీవాలో బ్లూమ్‌ల చేతిలో కంపెనీ అప్పుల్లోకి. వెనక్కొచ్చి చూసేసరికి పరిస్థితి ఘోరం. కంపెనీని నిలబెట్టడానికి తనే లొరెయిన్ విలియమ్స్ అనే ఆవిడని మేనేజర్‌గా తెచ్చాడు. బ్లూమ్‌లు తమ షేర్లు ఆవిడకి అమ్మేశారు. 1985 అక్టోబర్ బోర్డు మీటింగులో ఆయన్ని పదవి నుంచి దించేశారు. కోర్టుకెళ్లాడు, ఓడిపోయాడు, 1986లో మిగిలిన వాటా అమ్ముకుని బయటికి వచ్చేశాడు.

పాతాళభైరవి బొమ్మ గుర్తుందా. షేర్లంటే అదే. ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే చెల్లుతుంది, పాత మేడ ఎవరు కట్టారన్నది లెక్కలోకి రాదు. మంత్రాలకి ఇన్ని గట్లు కట్టిన మనిషి కంపెనీ కాగితాల్లో ఒక్క గట్టు కూడా కట్టుకోలేదు. ఈ పోలిక కొంచెం ఎక్కువైందేమో, తెలుసు. కానీ చదువుతున్నప్పుడు అదే అనిపించింది.

ఆయన పోగొట్టుకుంది కంపెనీ ఒక్కటే కాదు. గ్రేహాక్ పోయింది. టెన్సర్, బిగ్బీ, తన సొంత పాత్ర మోర్డెన్‌కైనెన్, ఆ పేర్లన్నీ కంపెనీవి. కొడుకు పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో ఆడిన పాత్ర పేరు ఇక నాన్న అచ్చులో వాడుకోవడానికి లేదు. గోర్డ్ అనే దొంగ పాత్ర, తన పేరులో అక్షరాలు తిప్పి పెట్టిన కొన్ని పేర్లు మాత్రం ఆయనకి మిగిలాయి. ఆ గోర్డ్ మీద నవలలు రాశాడు. 1988లో వచ్చిన చివరి నవల డాన్స్ ఆఫ్ డీమన్స్‌లో గ్రేహాక్ ఉన్న లోకాన్ని, ఓర్త్‌ని, పూర్తిగా నాశనం చేసేశాడు. పిల్లలు బేస్‌మెంట్‌లో మొదటిసారి మెట్లు దిగిన ఆ కోటతో సహా.

ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నా. పదహారేళ్లు ప్రతి మంత్రానికీ ధర కట్టాడు, ప్రపంచం ఒక్క దెబ్బకి కూలిపోకూడదని. చివరికి ఏ ధరా కట్టకుండా, ఏ డైసూ వేయకుండా, రాసేవాడి చేతిలో ఉన్న బలంతో తనే కూల్చాడు. ఆ కోపం నాకు అర్థమైంది. నేనూ వాట్సాప్‌లో ఒక్క మెసేజ్‌తో చేసింది అదే కదా, చిన్న సైజులో. అయినా ఆయన కూల్చింది ఆయన పుస్తకంలోనే. కంపెనీ వాళ్ల గ్రేహాక్ హాయిగా నడిచింది. అదే ఏడాది ఆ కోట మీద జోకుల పుస్తకం కూడా వేశారు. వేల మంది ఇళ్లల్లో బల్లల మీద అది అప్పటికే బతుకుతోంది, ఆయన చెప్తే ఆగేది కాదు.

తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తా. 1987లో గెయిల్‌తో రెండో పెళ్లి, ఆరో బిడ్డ. 1992లో డేంజరస్ జర్నీస్ అనే కొత్త ఆట తెచ్చాడు, టీఎస్ఆర్ కేసు వేసింది, 1994లో రాజీ. 1997లో టీఎస్ఆరే మునిగిపోయే స్థితికి వచ్చి విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ చేతికి వెళ్లింది. 1999లో లెజెండరీ అడ్వెంచర్ అనే ఇంకో ఆట. ఏదీ మొదటిదంత ఆడలేదు. 2004లో నెల తేడాతో రెండు స్ట్రోకులు. పొట్టలో ధమని ఉబ్బింది, ఆపరేషన్ చేయలేమన్నారు. అయినా లేక్ జెనీవాలో ఆయన ఇంటికి అభిమానులు వస్తూనే ఉన్నారు. 2008 మార్చి 4 పొద్దున ఇంట్లోనే పోయారు. 69 ఏళ్లు. మరుసటి ఏడాది ఆర్నెసన్ కూడా.

ఇప్పుడు మేం ఆడే ఐదో ఎడిషన్ పుస్తకంలో టెన్సర్, మోర్డెన్‌కైనెన్ పేర్లతో ఇంకా స్పెల్స్ ఉన్నాయి. కొత్తగా ఆడేవాళ్లకి టెన్సర్ అంటే ఒక పిల్లాడని తెలియదు. నాకూ నెల క్రితం దాకా తెలియదు.

ఇదంతా చదివాక నేను చేసిన మొదటి పని లెక్క. మా రూమ్మేట్ డ్రూయిడ్ లెవెల్ 3. ఫస్ట్ లెవెల్ స్లాట్లు నాలుగు, సెకండ్ లెవెల్ రెండు. రోజంతా వేరే ఏ మంత్రం వాడకపోతే ఆరుసార్లు గుడ్‌బెర్రీ వేయొచ్చు. అరవై పళ్లు. 24 గంటలు దాటితే వాటి బలం పోతుంది, దాచుకోవడానికి లేదు. ఊళ్లో 300 మంది. వాడు కరువు తీర్చలేదు, మేం ఎవరం లెక్క చూడలేదంతే. రూల్ బుక్‌లో మొదట్నుంచీ గట్టు ఉంది, నేను చూసుకోకుండా వాడి మీద అరిచాను.

ఆ రాత్రి వాడి మంచం దగ్గరకెళ్లి సారీ మామా అని చెప్పి ఈ లెక్క చూపించా. బ్యాన్ తీసేశా అన్నా. వాడు ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, మరి మిగతా 240 మంది అని అడిగాడు. అది నువ్వే చెప్పాలి, పళ్లు నీవి కదా అన్నా.

శనివారం ఆటకి వచ్చాడు. జమీందారు, ధాన్యం కొట్టు, ఏవీ గుర్తులేవు వాడికి. ఎవరికి ఇవ్వాలో తేల్చాలంటే ఆ ఊళ్లో ఎవరెవరున్నారో తెలియాలన్నాడు. పసిపిల్లలు ఎంతమంది, ముసలివాళ్లు ఎంతమంది, పొలం పని చేయగలిగినవాళ్లు ఎంతమంది, పేర్లతో సహా కావాలంట. నా దగ్గర ఒక్క పేరూ లేదు, 300 అని అంకె రాసుకున్నా అంతే. అందుకని ఇద్దరం కూర్చుని రాస్తున్నాం, డేటా స్ట్రక్చర్స్ రికార్డు వెనక పేజీల్లో. నిన్నటికి నలభై ఒకటి అయ్యాయి.